గొలుసు పట్టినవాడి నోరు

కర్ట్ స్ట్రాడర్ ఇంటి ముందు గడ్డిలో ఎవరో రాత్రికి రాత్రి దిగేసిన ‘ఇల్లు అమ్మబడును’ బోర్డు మీద ఉన్న ఫోన్ నంబరు తనదేనని రే డోంబెక్‌కి శనివారం పొద్దున, పెనం మీద గుడ్లు మాడుతుండగా తెలిసింది.

మొదటి ఫోను రే భార్య లినెట్ ఎత్తింది. అవతలివాడు గొంతు మార్చి, ఇంట్లో పడగ్గదులెన్ని అని అడిగి పెట్టేశాడు. రెండోవాడు ఇంటితో పాటు క్వార్టర్‌బ్యాక్‌ని కూడా ఇచ్చేస్తారా, లేక వాణ్ణి వేరే బేరం చేసుకోవాలా అన్నాడు. మూడో ఫోను ఓపల్ నుంచి. మెయిన్ వీధిలో హోటలు నడిపే ఓపల్ గొంతు మార్చే మనిషి కాదు.

“నీకు మతి గానీ పోయిందా రే? కోచ్ ఇంటి ముందైతే ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లాడి ఇంటి ముందు పాతుతావా?”

రే పొయ్యి ఆర్పలేదు, కోటు వేసుకోలేదు. చొక్కా మీదే వ్యాను ఎక్కాడు. ఆ వ్యాను రెండు పక్కలా ‘డోంబెక్ హీటింగ్’ అనీ, దాని కింద మూరెడు అంకెలతో అదే ఫోన్ నంబరూ రాసి ఉంటాయి. మిల్ ఫోర్క్ ఊళ్ళో ఆ నంబరు రానివాళ్ళు లేరు. జనవరిలో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయి ఇల్లు గడ్డకడుతుంటే నంబరు వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

బోర్డు అక్కడే ఉంది. ఏ కలప డిపోలోనైనా దొరికే ఎర్ర అక్షరాల అచ్చు బోర్డు. కర్రను నిటారుగా కొట్టలేదు, పక్కకి వాలి ఉంది. కింది ఖాళీలో నల్ల మార్కరుతో నంబరు రాశారు. అంకెలు ఒకటో తరగతి పిల్లాడు దిద్దినట్టు వంకరటింకరగా, ఒక్కోటి ఒక్కో దిక్కుకి ఒరిగిపోయి ఉన్నాయి. దస్తూరీ దొరక్కుండా మార్చి రాశాడు, దొంగ వెధవ అనుకున్నాడు రే.

ఆ ఊళ్ళో ఈ బోర్డులు కొత్త కాదు. ఊరి హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు మ్యూల్స్ వరసగా ఓడితే తెల్లారేసరికి కోచ్ ఇంటి ముందు పుట్టగొడుగుల్లా మొలుస్తాయి. మూటాముల్లె సర్దుకోమని ఊరు చెప్పే పద్ధతి అది. కుర్రతనంలో రే కూడా సుత్తి పట్టాడు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడడు. కోచ్ జీతం తీసుకుంటాడు, తిట్లూ తీసుకోవాలి. కానీ ఆడే పిల్లల గుమ్మం జోలికి ఎవరూ పోరు. అది ఎక్కడా రాసిపెట్టి లేదు, అందరికీ తెలుసు. ఇప్పుడెవడో ఆ గీత దాటాడు. దాటి, రే నంబరు రాసి పోయాడు.

కర్ట్ స్ట్రాడర్ రబ్బరు బూట్లలో, చేతిలో కాఫీ కప్పుతో గడ్డి మధ్య నిలబడి ఉన్నాడు. ఊళ్ళో కలప డిపో అతనిదే. మైదానంలో స్కోరు బోర్డు కట్టించిందీ, దాని కింద తన పేరు స్కోరు కంటే పెద్దగా రాయించుకున్నదీ అతనే. జట్టు అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. ఒకప్పుడు జట్టుకి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ తనే, ఇప్పుడు కొడుకు నోలన్. బోర్డు పీకేసి లోపల పారెయ్యచ్చు. పీకలేదు. అందరూ చూడాలని ఉంచాడు.

“పని శుభ్రంగా చేశావు రే. నంబరు కూడా మర్చిపోకుండా రాశావు.”

“నేను చేసుంటే నా నంబరు రాసుకుంటానా కర్ట్? అంత తెలివితక్కువ వాణ్ణా?”

“రాత్రి మైదానంలో అంతమంది ముందు అరిచావుగా. నీకు దాపరికం ఎప్పుడుంది?”

ఎదురింటివాళ్ళు ఒకసారి పోగేసిన ఆకుల్నే మళ్ళీ మళ్ళీ పోగేస్తున్నారు.

అరిచిన మాట నిజమే. రే ఉండాల్సింది ప్రేక్షకుల్లో కాదు, మైదానం అంచున. బంతి పది గజాలు ముందుకెళ్ళిందో లేదో కొలిచే గొలుసుకి రెండు చివర్లా రెండు కర్రలుంటాయి. ఒక కర్ర రేది. అతని ముందు అతని తండ్రిది. జీతం లేదు, పేరు లేదు, వానలో గొడుగు కూడా లేదు. ఒక్కటే నియమం. గొలుసు పట్టినవాడు ఏ పక్షమూ కాడు, నోరు మెదపకూడదు. సొంత జట్టు రంగు టోపీ కూడా పెట్టుకోకూడదు. రే అన్నేళ్ళూ పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. నిన్న రాత్రి మాత్రం, నోలన్ విసిరిన బంతి ఎవరి దగ్గరికీ పోకుండా చచ్చిన కాకిలా గడ్డి మీద పడ్డప్పుడు, సరిగ్గా బ్యాండు వాయించడం ఆపిన క్షణంలో, అతని నోరు అతన్ని అడక్కుండా తెరుచుకుంది. కోచ్ మెరిల్ వాస్‌ని పేరు పెట్టి పిలిచి, ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టు, వాడు విసరలేడు అని అరిచాడు. కర్ర చేతిలో ఉండగానే.

బోర్డు తను పెట్టలేదని, పెట్టినవాడు పిరికివాడని రే చెప్పాడు. చెప్పి అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. పిల్లాడి భుజం గురించి మాత్రం తన మాట వెనక్కి తీసుకోనన్నాడు. వాడు విసరలేడు, అది చూసి కూడా నోరు మూసుకున్నవాడు ఆట చూడ్డం మానుకోవాలన్నాడు. వాడు మీ అబ్బాయి కాకపోతే ఎప్పుడో బెంచీ మీద ఉండేవాడన్నాడు.

కర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం తగ్గింది.

“ఈ శుక్రవారం నుంచి నువ్వు గొలుసు పట్టక్కర్లేదు. సంఘం తరఫున చెబుతున్నా. ఇది నువ్వు చెయ్యలేదంటావా, చేసినవాడి పేరు తెచ్చి నా ముందు పెట్టు. అప్పుడు నీ కర్ర నీకిస్తా.”

రే అరుగు వైపు చూశాడు. నోలన్ అక్కడ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ టోపీ చొక్కా పొట్ట జేబులో దోపుకుని, రే వంకే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఇంకా ఏదో అంటాడని ఎదురుచూస్తున్నట్టు. పొగరు, అనుకుని రే వ్యాను ఎక్కాడు.

ఇంటికొచ్చేసరికి గుడ్లు బొగ్గయ్యాయి. లినెట్ పెనాన్ని నీళ్ళలో నానబెట్టి, ఫోను తీగ ఊడదీసి కూర్చుంది.

సోమవారం పొద్దున ఓపల్ హోటల్లో రే కూర్చునే బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. గొలుసుకి రెండో కర్ర పట్టే డెల్ ఒక్కడే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, ఊళ్ళో ప్రతి గుమ్మమూ తెలుసు. శుక్రవారం రే చోట్లో కర్ట్ బావమరిది నిలబడతాడని, వాడికి గజం అంటే ఏమిటో ఎవరైనా చెప్పాలని డెల్ అన్నాడు. రే నవ్వలేదు.

ఓపల్ కాఫీ పోస్తూ, క్షమాపణ చెప్పేస్తే పోతుందిగా అంది. చెయ్యని పనికా అని రే మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. మెరిల్ వాస్ జట్టుని తలకిందులు చేశాడన్నాడు. టోబీ జెంట్రీ కిందటేడాది మైదానం ఈ మూల నుంచి ఆ మూలకి గిరిగీసినట్టు బంతి విసిరినవాడు. వాణ్ణి తీసుకెళ్ళి పట్టుకునే చోట నిలబెట్టారు. బంతి వెయ్యగలిగినవాడు చేతులు చాపుకుని పరిగెత్తడం, వెయ్యలేనివాడు వెయ్యడం. గోడలా నిలబడే హబర్డ్ పిల్లాణ్ణి ముందు వరసలోంచి తీసేసి, నోలన్ చుట్టూ తలుపులు బార్లా తెరిచారు. పిల్లాడు నలిగిపోతున్నాడు, బంతి పోతోంది, ఆట పోతోంది, అయినా కోచ్ ఆ వైపు చూడడు. చూస్తే స్కోరు బోర్డు కనిపిస్తుంది, దాని కింద పేరు కనిపిస్తుంది.

“నోలన్ కిందటేడు బానే వేశాడు కదా, చిన్నవాళ్ళ జట్టులో,” అంది ఓపల్.

“వేశాడు. నేనే చూశా. అందుకే ఒళ్ళు మండుతోంది. ఈ సీజన్లో మొదటి ఆట కూడా బానే ఆడాడు. తర్వాత తలకెక్కింది. చోటు ఖాయం అని తెలిసినవాడు చెయ్యి ఎందుకు నొప్పించుకుంటాడు?”

పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గారు. అప్పుడే హోటలుకి లినెట్ నుంచి ఫోను వచ్చింది. ఎల్మ్ వీధిలో ఒక ఇంట్లో ఫర్నేస్ బాగు చెయ్యాల్సింది, వద్దన్నారట. చలి మొదలైన వారంలో, చెయ్యి తిరిగిన మనిషిని వద్దన్నారు. రే కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

పేరు కావాలి. బోర్డు పెట్టడానికి అందరికంటే ఎక్కువ కారణం ఉన్నవాడు ఒకడే అని అతనికి తోచింది. టోబీ తండ్రి వేడ్ జెంట్రీ. రే తిన్నగా అతని పాల డెయిరీకి పోయాడు.

వేడ్ ఆవు పొదుగులు తుడుస్తూ, తల ఎత్తకుండానే విన్నాడు. తనకి తెల్లారకముందే పాలు పితకాలని, ఊళ్ళో గడ్డి పాడుచేసే తీరిక లేదని చెప్పాడు. కొడుకు ఏ చోట ఆడినా తను బల్ల మీద కూర్చుని చూస్తానన్నాడు. “నువ్వు మావాడి కోసం అరిచావని తెలుసు రే. మేము అడిగామా?”

గడ్డి మోపుతో వచ్చిన టోబీ అక్కడే ఆగాడు. పొడుగ్గా, మోచేతుల దాకా బురదతో ఉన్నాడు.

“నోలన్‌ని అలా అనకండి డోంబెక్ గారూ. వాణ్ణి వదిలెయ్యండి.”

“నీ చోటు లాక్కున్నాడురా వాడు.”

“వాడేం లాక్కోలేదు.” టోబీ ఇంకేదో అనబోయి తండ్రి వంక చూసి, మోపు భుజానికెత్తుకుని పోయాడు.

ఒకళ్ళనొకళ్ళు కాపాడుకుంటున్నారు, పిల్ల వెధవలు, అనుకున్నాడు రే. దారి పొడుగునా స్టీరింగుని తిట్టాడు.

బుధవారం మధ్యాహ్నానికి చలి ఒక్కసారిగా పడింది. లినెట్ మళ్ళీ తగిలించిన ఫోను మోగింది. మాట్లాడి, చేత్తో ఫోను మూసి, వంటింట్లోంచి కేకేసింది. స్ట్రాడర్ వాళ్ళింట్లో ఫర్నేస్ ఆగిపోయిందట. కర్ట్ భార్య జిల్ ఫోను. పై ఊరి మెకానిక్ వచ్చేవారం దాకా రాలేనన్నాడట.

“కలప డిపో ఉందిగా. కట్టెలు తగలేసుకోమను.”

“ఆ ఫర్నేస్‌కి క్వార్టర్‌బ్యాక్ ఎవరో తెలీదు రే. వెళ్ళు.”

అతను వెళ్ళాడు. పెరటి తలుపు తీసిన జిల్ అతని ముఖం చూడకుండా, కర్ట్ డిపోలో ఉన్నాడు, ఇంకాసేపటికి గానీ రాడు అంది. ఆ మాట ఇద్దరికీ ఊరటగానే ఉంది.

నేలమాళిగలోకి దిగగానే రే ఒంట్లో కోపం కొంచెం సర్దుకుంది. అది అతని చోటు. రేకు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి టార్చి వేశాడు. ఇల్లు అలికిడి లేకుండా ఉంది. ఫర్నేస్ ఫ్యాను ఆగిపోతే ఇళ్ళు అలాగే ఉంటాయి. ఆ గాలి హోరు లేనప్పుడు పై గదులకి పోయే గొట్టాలన్నీ చెవులవుతాయి. పైన వంటింట్లో జిల్ గరిటె కింద పెట్టడం అతనికి పక్కనే పెట్టినట్టు వినిపించింది. పైన మాట్లాడితే కిందికి, కింద మాట్లాడితే పైకి. ఏళ్ళ తరబడి ఇలాంటి మాళిగల్లో రే ఎన్ని కాపురాల పోట్లాటలు విన్నాడో, ఎన్ని ఏడుపులు విన్నాడో. ఒక్కటి కూడా ఓపల్ హోటల్లో చెప్పలేదు. ఊళ్ళో అందరికంటే పెద్ద నోరున్న మనిషి ఆ ఒక్క విషయంలో మాత్రం నోటికి తాళం వేసుకున్నాడు.

జబ్బు చిన్నదే. మంట వెలిగిందో లేదో కనిపెట్టే సన్నటి కడ్డీకి మసి పట్టింది. కడ్డీకి మంట తెలియకపోతే యంత్రం భయపడి గ్యాసు ఆపేస్తుంది. అతను మర తిప్పి కడ్డీ బయటికి లాగి, స్టీలు పీచుతో రుద్దడం మొదలుపెట్టాడు.

మెట్ల మీద చప్పుడైంది. ప్రాక్టీసు నుంచి వచ్చిన నోలన్, సంచీ భుజాన ఉండగానే సగం మెట్ల దగ్గర ఆగాడు.

“అమ్మ ఏమైనా కావాలేమో అడగమంది.”

“ఆ టార్చి పట్టుకో. ఊరికే నిలబడితే వేడి రాదు.”

పిల్లాడు వచ్చి ఎడమచేత్తో టార్చి పట్టుకున్నాడు. కుడిచెయ్యి పొట్ట జేబులోనే ఉంది. వెలుతురు నిలకడగానే ఉంది, మనిషే దూరంగా ఉన్నాడు. రే కడ్డీ తళతళలాడేదాకా రుద్ది, తిరిగి దాని చోట పెట్టి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపాడు.

“ఆ రెంచి ఇవ్వు. పెట్టె అంచున ఉంది.”

రెండు చేతులూ కావాల్సి వచ్చింది. నోలన్ కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. రెంచి అరచేతిలోకి వచ్చింది, వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. చివరి రెండు వేళ్ళు మాత్రం మూసుకోలేదు. రెంచి జారి సిమెంటు నేల మీద ఖంగున మోగింది.

పిల్లాడు వంగి తీశాడు. మళ్ళీ జారింది. మూడోసారి టార్చి చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో తీసి ఇచ్చాడు.

రే అది అందుకోలేదు. మోకాళ్ళ మీదే వెనక్కి తిరిగాడు. అతని కళ్ళు పిల్లాడి చేతి మీంచి మెట్ల కిందికి పోయాయి. అక్కడ ఫ్రీజరు పక్కన, డిపో నుంచి తెచ్చిన కట్టలో మిగిలిన ఎర్ర అక్షరాల బోర్డులు గోడకి ఆనించి ఉన్నాయి. ఒకటి తిరగేసి ఉంది. దాని వెనక నల్ల మార్కరుతో రాసి చూసుకున్న అంకెలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి ఒరిగి ఉన్నాయి. ఎడమచేత్తో రాసిన అంకెలు.

నాలుగు రోజులుగా రే వెతుకుతున్నది దొరికింది. ఒక పేరు. ఇది చాలు. కర్ట్ ముందు పెడితే తన కర్ర తన చేతికొస్తుంది. తండ్రి పట్టిన కర్ర.

“ఎప్పట్నించి?” అన్నాడు. అడిగింది బోర్డు గురించి కాదు.

“రెండో ఆట నుంచి.” నోలన్ మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. “ఇక్కడ తగిలింది. మొదట చెయ్యంతా మంట పుట్టింది. తర్వాత ఈ రెండు వేళ్ళూ లేనట్టే అయిపోయాయి.”

పైన వీధి తలుపు తెరుచుకుంది. బూట్లు చప్పుడు చేశాయి. కర్ట్ పెందరాళే వచ్చేశాడు. ఫర్నేస్‌వాడి వ్యాను ఇంకా ఇక్కడెందుకుందని భార్యని అడగడం గొట్టంలోంచి మాటమాటగా దిగింది. నోలన్ ముఖం తెల్లబోయింది.

రే రెంచి తీసుకుని మర బిగించాడు. రేకు తలుపు మూశాడు. ఇక మీట నొక్కడమే. నొక్కితే మంట అంటుకుంటుంది, ఫ్యాను హోరు లేస్తుంది, ఆ హోరులో ఇక్కడ ఎవరేమనుకున్నా పైకి ఒక్క మాట పోదు. పిల్లాడు తన రహస్యం తనతోనే పెట్టుకుని శుక్రవారం మైదానంలోకి పోతాడు. మెడ మీద ఇంకో దెబ్బ తింటాడు. రే ఇష్టమొచ్చినట్టు అరుచుకోవచ్చు.

బూట్ల చప్పుడు వంటిల్లు దాటి, నడవాలో, వేడి గాలి పైకి రావడానికి నేలలో బిగించిన జాలీ పలక దగ్గరికి వచ్చి ఆగింది. సరిగ్గా వాళ్ళ తలల మీద.

రే మీట మీంచి చెయ్యి తీసేశాడు. మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకున్నాడు. గొలుసు పట్టినప్పుడు నిలబడే మనిషిలా పళ్ళు బిగబట్టాడు. ఆ తర్వాత, ఊళ్ళో ఎవరూ ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో అడిగాడు.

“మొదట్నించి చెప్పు. తొందరేం లేదు. గట్టిగా చెప్పు, నాకు చెవులు సరిగా వినబడవు.”

నోలన్ ఒక్క క్షణం పై గొట్టం వంక చూశాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లాడు, ఆ గొట్టాల సంగతి అతనికీ తెలుసు. పైన బూట్లు కదలడం లేదు. టార్చి కింద పెట్టి, గట్టిగానే మొదలుపెట్టాడు.

“బోర్డు నేనే పెట్టాను. ఎవరూ నాతో రాలేదు, టోబీకి చెయ్యి సంగతి తెలుసు గానీ బోర్డు సంగతి తెలీదు. నాన్నకి చెప్పాను, చెయ్యి తిమ్మిరిగా ఉందని. పక్కటెముక విరిగినా తను ఆడానన్నాడు, అదే పోతుందన్నాడు. కోచ్‌కి చెప్పాను. మీ నాన్న పర్లేదన్నాడుగా అన్నాడు. రెండోసారి చెప్పడానికి నాకు సిగ్గేసింది. శుక్రవారం మీరు అరిచారు చూడండి, వాడు విసరలేడు అని, అప్పుడు అందరూ మిమ్మల్ని తిట్టారు. నేను మాత్రం హమ్మయ్య అనుకున్నా. ఈ ఊళ్ళో నన్ను ఆడించొద్దన్నది మీరొక్కరే. మీ నంబరు రాస్తే నాన్న మీతో గొడవకి దిగుతాడనుకున్నా. గొడవైతే మీరు మళ్ళీ అరుస్తారు, ఈసారి ఆయన ముఖం మీదే, అప్పుడైనా వింటాడనుకున్నా. మీ గొలుసు పోతుందని అనుకోలేదు. అంకెలు అందుకే అలా ఉన్నాయి, దస్తూరీ దాచడానికి కాదు. ఎడమచేత్తో రాశా. కుడిచెయ్యి మార్కరు పట్టుకోవడం లేదు.”